మా మేనత్త ఇంటి చక్రం

నా చిన్నప్పుడు మా మేనత్త ఇంటికి నాలుగు చక్రాలుండేవి. చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో వీడియో చూపిస్తూ, బండిలోనే వంట, బండిలోనే పడక అని తెగ ఆశ్చర్యపోయింది. అందులో వింతేముందే, మన గోదావరిఖనిలో ఆ వైభోగం నేను నీ అంత ఉన్నప్పుడే చూశాను అన్నాను. నవ్వింది. నవ్వితే నవ్వనీ, నేను చెప్పదలచుకున్నది చెప్పే తీరుతాను.

మా మామ గని కార్మికులను డ్యూటీకి తీసుకుపోయే వ్యాను నడిపేవాడు. పిల్లలు లేరు. ఆయన జబ్బు చేసి పోయాక అత్త కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. మా నాన్నకు, అంటే మేము బాపు అని పిలిచే ఆయనకు, ఆమె ఒక్కతే చెల్లెలు. మా రెండు గదుల క్వార్టరుకు తీసుకొచ్చాడు. అత్త కొన్నాళ్లు ఉంది. గిన్నె అటు జరపాలన్నా ఇటు జరపాలన్నా మా అమ్మ ముఖం చూడాల్సిన బతుకు ఆమెకు పట్టలేదు. ఒకరోజు పాత బండ్ల వేలంలో మామ నడిపినలాంటి వ్యానే ఒకటి కొనుక్కుని, తానే నడుపుకుంటూ వచ్చి మా వాడకట్టు చివర నిలబెట్టింది. ఆదివారాల్లో గోదారి ఒడ్డున మామ ఆమెకు బండి నేర్పిన సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

సీట్లు పీకేసి చెక్క బల్ల వేయించింది. అదే మంచం. వెనక తలుపు దగ్గర కిరసనాయిలు స్టవ్వు, డ్రైవరు సీటు వెనక కుట్టు మిషను, కిటికీలకు తాను కుట్టిన పూల పరదాలు. వాడకట్టు ఆడవాళ్లకు ఆమె పెద్ద వేళాకోళమైపోయింది. నీళ్ల పంపు దగ్గర ఒకామె, "ఏం వదినె, ఇయ్యాల మీ ఇల్లు ఏడున్నది?" అని అడిగితే అత్త బిందె ఎత్తుకుంటూ, "ఏడున్నా నాది నాదే. మీ ఇల్లు కంపెనోళ్లది గద, జర పైలం" అంది. ఆ తర్వాత పంపు దగ్గర ఎవరూ ఆ ముచ్చట ఎత్తలేదు.

అంత గొప్ప ఇంటికీ ఒక రోగముండేది. వెనక ఎడమ చక్రంలో గాలి నిలిచేది కాదు. సాయంత్రం కొట్టించిన గాలి తెల్లారేసరికి దిగిపోయి ఇల్లంతా ఒక పక్కకు ఒరిగేది. స్టవ్వు మీద పెట్టిన టీ గిన్నె జారిపోయేది. రోడ్డు మీద బొగ్గు లారీలు రాళ్లూ మేకులూ పారేసుకుంటూ పోతాయి కాబట్టి అందరూ రోడ్డునే తిట్టారు. దిష్టి అన్నవాళ్లూ ఉన్నారు, ముందు భాగాన నిమ్మకాయలు కూడా వేలాడాయి. పంక్చర్ షాపు కాక వచ్చి ట్యూబుకు ప్యాచ్ వేసిపోయేవాడు, మళ్లీ వచ్చేవాడు.

బాపుకు ఓపిక నశించింది. అత్తకు గోదారి అవతల జైపూర్ వైపు ఊళ్లలో బడిపిల్లల బట్టలు కుట్టే పని దొరికింది. సోమవారానికి అక్కడుండాలి, లేకపోతే ఆ పని వేరేవాళ్లకు పోతుంది. పని పోతే ఆమె మళ్లీ మా ఇంటి మూలకే. బాపు మాత్రం ఆమెను కదలనివ్వనన్నాడు.

"గా డబ్బాను పాత ఇనుప సామానాయనకు ఇచ్చేద్దాం చెల్లె. ఆదివారం రమ్మని చెప్పిన."

"నా ఇల్లు అమ్మెటందుకు నువ్వెవ్వలన్నా?"

"తొవ్వ మీద లారీ ముంగట గాలి దిగితే ఏం జేస్తవ్? పానం పోతది."

"పోతే తొవ్వ మీద పోత. నీ ఇంట్ల మూలకు కూసుండి పోను."

మా అమ్మ చెవులు మూసుకుంది. చివరికి ఇద్దరూ ఒక మాటకొచ్చారు. ఆదివారం చక్రం బాగైతే బాపు నోరెత్తడు, కాకపోతే బండి ఇనుము కొట్టుకు పోతుంది. బాపు చెడ్డవాడు కాదు. గనిలో మనుషుల మీద కప్పు కూలడం కళ్లారా చూసినవాడు, చెల్లెలి మీద ప్రేమతోనే భయపడ్డాడు. కానీ ఆ ప్రేమ ఆమెకు ఊపిరాడనివ్వలేదని ఇన్నేళ్ల తర్వాత కూడా నేను గట్టిగానే అంటాను.

ఆదివారం పొద్దున్నే కాక వచ్చి జాకీ పెట్టి, చక్రం ఊడదీసి, ట్యూబు బయటికి లాగాడు. అత్త ఆ ట్యూబును చిరిగిన అంగీలా ఒళ్లో వేసుకుని తిప్పి తిప్పి చూసింది. ప్యాచులన్నీ ఒక్కచోటే గుంపుగా ఉన్నాయి. అదీ రోడ్డు వైపు కాదు, ఇనుప రిమ్ము మీద కూర్చునే లోపలి వైపు.

"మేకు రోడ్డు మీదిదైతే బయటి దిక్కు దిగాలె గద కాకా. లోపట ఎట్ల దిగింది?"

కాక తల గోక్కున్నాడు. పాత ప్యాచే లేస్తోందనుకున్నాడట. అత్త నన్ను పిలిచి మిషను డబ్బాలోంచి దూది తెమ్మంది. మిషనులో సూది దిగే రేకు గీసుకుపోతే దారం తెగుతుంది, అప్పుడామె దూదితో తడిమి ఎక్కడ గరుకుందో పట్టుకునేది. ఆ దూదిని నా చేతికే ఇచ్చి రిమ్ము చుట్టూ నిదానంగా తిప్పమంది. తిప్పుతూ పోతే ఒకచోట నా చెయ్యి ముందుకు పోయింది, దూది వెనకే ఉండిపోయింది. తెల్లటి పోగు ఇనుముకు చిక్కుకుని గాలికి ఊగుతుంటే నేను గంతులేశాను. కాక కూడా సంతోషపడి, ఆకురాయితో రుద్దితే అయిపోయిందన్నాడు.

అత్త ఒప్పుకోలేదు. కాక దగ్గరి సుత్తి తీసుకుని తిన్నగా బాపు ముందుకు వెళ్లింది.

"అన్నా, నువ్వు కొట్టి చెప్పు."

దీని గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. గనిలో పనికి దిగినవాళ్లు ముందు పైకప్పును ఇనుప కడ్డీతో కొట్టి వింటారు. గట్టి కప్పు ఖంగుమంటుంది, లోపల విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ చప్పుడును నమ్మే కింద మనుషులు నిలబడతారు. మా బాపు చెవి అందులో పేరుపడ్డది. కానీ ఆరోజు ఆ బండి పోవాలని కోరుకునేది కూడా ఆయనే. చుట్టూ చేరినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

బాపు గొంతుక్కూర్చుని, రిమ్మును కాక పట్టుకున్న గడ్డపారకు తగిలించి కొట్టుకుంటూ వచ్చాడు. ఖంగుమంది, ఖంగుమంది. దూది చిక్కిన చోట మాత్రం పగిలిన కుండలా పలికింది. మళ్లీ కొట్టాడు.

"గరుకు కాదిది, పగులు. రుద్దితే ఆగేది కాదు. ఇయ్యాల కాకుంటే రేపు పలిగి ఇచ్చుకపోతది."

పందెం గెలవడానికే అలా అన్నాడని నాతో సహా అందరం అనుకున్నాం. ఆ క్షణంలో బాపంటే నాకు అసహ్యం వేసింది. అత్త ఒక్కతే అనుకోలేదు. కాక కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే నిజంగానే వెంట్రుకంత పగులు కనబడింది.

సరిగ్గా అప్పుడే బసంత్‌నగర్ నుంచి ఇనుప సామానాయన ట్రాలీ వేసుకుని దిగాడు. బాపు నోరు తెరిచేలోపే అత్త ఎదురెళ్లింది.

"అన్నా, గిసుంటి బండి రిమ్ము నీ కొట్టుల ఉన్నదా?"

బండి కొనడానికొచ్చిన మనిషి బిత్తరపోయాడు. "నేను కొనవస్తినా, అమ్మవస్తినా?" అని నవ్వి, ఉన్నాయనే ఒప్పుకున్నాడు. పగిలిన రిమ్ము ఆయన తీసుకునేలా, పైగా ఆయన పిల్లలకు అత్త నిక్కర్లు కుట్టిపెట్టేలా బేరం కుదిరింది. మధ్యాహ్నానికి రెండు రిమ్ములు తెచ్చి పడేశాడు. అత్త మళ్లీ సుత్తి బాపు చేతికే ఇచ్చింది.

మొదటిది డొల్లగా పలికింది. రెండోది గడ్డపారకు తగిలించి కొడితే గుడి గంటలా మోగింది. బాపు దాన్ని కొట్టాల్సినదానికంటే ఎక్కువే కొట్టాడు. చుట్టూ తిప్పి కొట్టాడు, తిరగేసి కొట్టాడు. ఒక్క మాట అబద్ధమాడితే చెల్లెలు ఇంట్లో ఉండిపోతుంది. ఎవరూ నిలదీయలేరు కూడా. అత్త పరదా కుట్టు చూసుకుంటున్నట్టు నిలబడింది.

"ఇది మంచిగున్నది" అన్నాడు బాపు, నేల చూస్తూ.

మర్నాడు తెల్లారి చక్రం నిండుగా నిలబడి ఉంది. బాపు డ్యూటీకి పోతూ వచ్చి బొటనవేలితో నొక్కాడు, కాలితో తన్నాడు. తర్వాత మొదటిసారిగా ఆ ఇంట్లోకి ఎక్కి బల్ల మీద కూర్చున్నాడు. అత్త టీ ఇచ్చింది. గిన్నె జారలేదు. టీ అయిపోయినా ఆయన లేవలేదు. వెళ్లకు అనడానికి నోరు రాక, వెళ్లమనడానికి మనసు రాక గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అన్నా, దిగు. నా ఇల్లు పోతాంది" అంది అత్త.

దిగాడు. బండి మలుపు తిరిగేదాకా గ్లాసుతోనే నిలబడ్డాడు. ఆమె చాలా ఏళ్లు ఆ బండిలోనే ఊళ్లు తిరిగి బతికింది, చివరిదాకా ఎవరింటి మూలా పట్టలేదు.

నన్ను ఎవరైనా ఇక నీ వల్ల కాదు అన్నప్పుడల్లా ఆ సుత్తి గుర్తొస్తుంది. మనకు అడ్డం నిలబడ్డ మనిషి చేతికే దాన్ని ఇచ్చి, కొట్టి నిజం చెప్పమనడానికి ఎంత గుండె కావాలి! ఈమధ్య మా అబ్బాయి నా స్కూటర్ తాళాలు అడిగాడు. వయసైందట, రోడ్డు మీద లారీలట. తాళాలు ఇవ్వలేదు, వెనక కూర్చోమన్నాను. గోదారి వంతెన దాకా తీసుకెళ్లి, లారీల మధ్యలోంచే తీసుకొచ్చి ఇంటి ముందు ఆపాను.

"ఇప్పుడు చెప్పు. నీ అమ్మనని కాదు, నిజం చెప్పు" అన్నాను.

వాడు కాసేపు నేల చూశాడు. అచ్చం వాళ్ల తాత ముఖమే.

"మంచిగనే నడుపుతాన్నవమ్మా" అన్నాడు.

"అయితే దిగు. నాకు అంగట్లో పనుంది."