సూది గుచ్చిన వైపు

ఆవిడ పట్టుమని పది నిమిషాలు ఒకచోట కూర్చోగా చూసినవాళ్లు లేరు. చిన్నప్పుడు నాయనమ్మ బొంగరం అని పేరు పెట్టింది. యాభై నాలుగేళ్లొచ్చినా, పరిశోధన సంస్థలో నలభై మందికి పెద్ద అయినా, ఇంట్లో ఆ పేరు పోలేదు. కంచం చేత్తో పట్టుకుని వంటింటికీ కిటికీకీ మధ్య తిరుగుతూ తినేది. సిటీ బస్సు నడిపే భర్త వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు: "మా ఆవిడ కూర్చోగా నేను చూసింది పెళ్లి ఫొటోలో ఒక్కసారే. అందులోనూ కదిలింది, మొహం సరిగ్గా పడలేదు."

అలాంటి మనిషి ఏరికోరి పట్టుకున్న ఉద్యోగం చూడండి. చనిపోయినవాళ్లు దానమిచ్చిన మెదడును వెంట్రుక కన్నా సన్నటి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూస్తూ ఏ ప్రాంతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ నరాల పోగు ఎటు పోతుందో గీతలు గీయాలి. మెదడుకు పటం గీయడమన్నమాట. అందులో తొందరకు చోటు లేదు. ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, "ఎంత తిరిగినా చివర కనపడని ఊరు అదొక్కటే" అనేది. మాట బాగానే ఉంటుంది గానీ, అసలు సంగతి ఏమిటంటే, తన తలలో ఏముందో, అది తననెందుకు నిలవనివ్వదో తెలుసుకోవాలని ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఉబలాటం. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తండ్రి టైలరు. దుకాణమంటే ఒక మిషను, ఒక బల్ల, గోడకొక నిలువుటద్దం. బడి నుంచి వచ్చిన కూతురు కాళ్ల కింద నిప్పులు పోసినట్టు తిరుగుతుంటే, ఆయన సుద్దముక్క చేతికిచ్చి, కత్తిరించిన బట్టలకు లోపలివైపు గీత పెట్టమనేవాడు. కొన్ని బట్టలు రెండు వైపులా ఒక్కలాగే ఉంటాయి. ముక్కలయ్యాక ఏది పైకో, ఏది లోపలికో గుర్తు ఉంటేనే తెలుస్తుంది. ఒకనాడు ఆ పిల్ల ఒక ప్యాంటు కాలికి గీత తప్పు వైపు పెట్టింది. తండ్రి గీతను నమ్మి కుట్టేశాడు. కుట్టించుకున్నవాడు నాలుగు రోజులు ఆఫీసుకు కూడా వేసుకుని వెళ్లాడు. అయిదో రోజు ఎండలో అతను వీధి దాటుతుంటే టైలరు కంట్లో పడింది: ఒక కాలు నిగనిగలాడుతోంది, రెండోది వెలవెలబోతోంది.

ఆ సాయంత్రమే కూతుర్ని వెంటబెట్టుకుని అతని ఇంటికి బయలుదేరాడు. పిల్లకు తల కొట్టేసినట్టయింది. "ఆయన చూసుకోలేదుగా నాన్నా! మనమే వెళ్లి చెప్పడం దేనికి?" అంది.

"నేను చూశానుగా," అన్నాడాయన. ప్యాంటు వెనక్కి తెచ్చి, ఊడదీసి మళ్లీ కుట్టాడు. కూతురిని ఒక్కమాట అనలేదు. అనుంటే బాగుండేదని ఆ పిల్ల చాలా కాలం అనుకుంది.

చదువు, ఎలుకల మెదళ్లు కోసిన పదేళ్లు, రెండు ఊళ్లు మారడం, ఇవన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. అసలు కథ పెద్దమ్మ దగ్గర మొదలవుతుంది. ఎనభై ఒకటో ఏట పోయి, మెదడును సంస్థకు రాసిచ్చిన ఒక ముసలావిడను అక్కడివాళ్లు అలా పిలుచుకునేవారు. కాగితాల మీద ఆవిడ ఒక అంకె మాత్రమే. కానీ ఏళ్ల తరబడి రోజూ చూసే మనిషిని అంకెతో ఎవరు పిలుస్తారు? పెద్దమ్మ మెదడును ఏడు వేల ముక్కలు చేసి పటం గీయడానికి పదకొండేళ్లు పట్టింది.

కోతకు ముందు అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ముక్క చిన్న కుంచె మీద నుంచి గోరువెచ్చటి నీళ్లలోకి, నీళ్లలో నుంచి గాజు మీదికి వెళ్లే దారిలో ఎప్పుడు తిరగబడుతుందో చెప్పలేం. తిరగబడితే ఎడమ కుడవుతుంది. అందుకని మెదడును గడ్డకట్టించకముందే, ఎడమ సగంలో ముందు నుంచి వెనకదాకా సన్నటి సూది ఒకటి గుచ్చి తీస్తారు. ప్రతి ముక్కలోనూ ఆవగింజంత చిల్లు కనపడుతుంది. చిల్లున్నది ఎడమ, లేనిది కుడి. పెద్దమ్మకు ఆ సూది గుచ్చింది మన బొంగరమే. ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు.

పటం సగమయ్యేసరికి ఆవిడ పేరు మారుమోగిపోయింది. నుదుటి వెనక నుంచి చెవి వెనక దాకా వంగి వెళ్లే నరాల కట్ట ఒకటి మాటకు సంబంధించినది. చాలామందిలో అది ఎడమవైపే లావుగా ఉంటుందని అందరూ చెప్పేవారు. పెద్దమ్మలో కుడివైపు లావుగా ఉంది, అదీ కొద్దో గొప్పో కాదు. ఇంత వివరంగా అప్పటిదాకా ఎవరూ చూడలేదు కాబట్టి, అందరూ అనుకుంటున్నదే తప్పేమో అన్నంత దూరం వెళ్లింది ఆవిడ. సభలు, శాలువలు, పత్రికల్లో ఫొటోలు. ఫొటోగ్రాఫరు కూర్చోమని బతిమాలేవాడు.

ఆ రోజుల్లో ఆవిడ దగ్గర పరిశోధనకు ఒక అమ్మాయి చేరింది. ఎంత మెల్లగా పని చేసేదంటే, అందరూ నిదానం అని పిలిచేవారు. ఇంకో పన్నెండు మెదళ్లలో ఆ కట్టను కొలిచి, అది కుడివైపే లావని రుజువు చేయడం నిదానం పని. నాలుగేళ్లు కొలిచింది. ఒక్కదానిలోనూ కుడివైపు లావు కాలేదు. మూడో ఏడు ఒక రోజు వరండాలో ఆవిడ వెనకే గబగబా నడుస్తూ అడిగింది: "మేడం, పెద్దమ్మకి చిల్లు ఎవరు పెట్టారు?"

"నేనే. ఎందుకు?" అంది ఆవిడ, ఆగకుండానే.

"ఏం లేదు మేడం. ఒకసారి సరిచూద్దామా అని..."

"ముందు నీ చెయ్యి సరిచూసుకో. ముక్కలన్నీ సాగదీస్తున్నావు. కొలతలు ఎలా వస్తాయి?" వరండాలో ఉన్నవాళ్లందరూ విన్నారు. మరుసటి ఏడు ఆ అమ్మాయి పరిశోధన మానేసి వెళ్లిపోయింది. ఎక్కడో కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తోందని తెలిసింది. ఆవిడ "పాపం" అంది. అని, మీటింగుకు వెళ్లిపోయింది.

రెండేళ్లు గడిచాయి. పటం పూర్తయింది. ఇంకో తొమ్మిది రోజుల్లో లోకానికంతటికీ తెరిచి పెడతారనగా, పెద్దమ్మ సొంత చెల్లెలు వచ్చింది. దానమిచ్చినవాళ్ల మనుషులకు ముందు చూపించడం సంస్థలో మర్యాద. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, చేతికర్రతో. బొంగరం తెర ముందు నిలబడి అటూ ఇటూ కదులుతూ చూపించింది. కుడి సగంలో ఒక చిన్న మచ్చ దగ్గర ఆపి, "ఇదిగోండి, మీ అక్కగారికి ఎప్పుడో చిన్న పక్షవాతం వచ్చిందని కాగితాల్లో ఉంది. అది ఇక్కడే" అంది.

"ఆ, వచ్చిందమ్మా, అరవయ్యో ఏట," అంది చెల్లెలు. "కుడి చెయ్యి పడిపోయింది. మళ్లీ వచ్చిందిలే గానీ, వేళ్లు మాత్రం ఇదివరకటిలా ఆడలేదు. కోటు గుండీలన్నీ పీకించి హుక్కులు కుట్టించుకుంది, ఎడం చేత్తో పెట్టుకోవడానికి. ఎంత పంతం మనిషనుకున్నావు!"

బొంగరం మచ్చ వంక మళ్లీ చూసింది. కుడి చేతిని నడిపేది ఎడమ మెదడు. ఇది బడిపిల్లలకు కూడా తెలుసు. కుడి చెయ్యి పడిపోతే మచ్చ ఎడమవైపు ఉండాలి. కాగితాల్లో పక్షవాతమని రాసి ఉంది గానీ ఏ చెయ్యో రాయలేదు, ఎవరూ అడగలేదు.

"కుడి చెయ్యేనా అమ్మా? సరిగ్గా గుర్తుందా?"

"ఇరవై ఏళ్లు ఆ హుక్కులు పెట్టుకోవడం చూశాను. గుర్తుండదా?"

ఆ తర్వాత నాలుగు రోజులు ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మెట్లు ఎక్కింది, దిగింది. భర్త నడిపే బస్సెక్కి చివరి స్టాపుదాకా వెళ్లి, అదే బస్సులో వెనక్కి వచ్చింది. నిలబడే. "సీట్లన్నీ ఖాళీగా ఉన్నాయే బొంగరం," అన్నాడు భర్త అద్దంలో చూస్తూ. మచ్చ ఒక్కటే కాదు. పెద్దమ్మలో ఇంకా చిన్నచిన్న తేడాలు నాలుగైదు, మామూలుగా ఎడమవైపు ఉండేవి కుడివైపు, కుడివైపు ఉండేవి ఎడమవైపు కనపడ్డాయి. ఒక్కొక్కటి బయటపడ్డప్పుడల్లా "మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది" అని తనే సర్దిచెప్పింది. అవన్నీ ఇప్పుడు వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. ఆ చెల్లెలు తప్ప ఎవరికీ తెలియదు, ఆవిడకైనా తను ఏం చెప్పిందో తెలియదు. నోరు మూసుకుంటే చాలు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆవిడకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ ఆలోచన పోలేదు.

అయిదో రోజు కోత మాస్టారి ఇంటికి వెళ్లింది. ఏడు వేల ముక్కలూ కోసింది ఆయనే. రిటైరై, పెరట్లో కుర్చీకి నవారు బిగిస్తున్నాడు.

"మాస్టారూ, పెద్దమ్మకి సూది గుచ్చిన రోజు గుర్తుందా? మెదడు ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేంటి? బోర్లా ఉంది, అడుగు పైకి. పళ్లెంలో ఎప్పుడూ అలాగే కదా పెడతాను, పైభాగం నలగకుండా."

"నేను ఎటు గుచ్చాను?"

ఆయన నవారు వదిలేశాడు. ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తి, ఆ పొద్దును తలుచుకున్నాడు. "మీరు మెదడుకు వెనకవైపు నిలబడ్డారు. మీ ఎడం చేతివైపు గుచ్చారు." ఆయనకూ అర్థమైంది. "అయ్యో! బోర్లా ఉంటే అది కుడి సగం..."

"మీ ఎదురుగానే కదా గుచ్చాను. ఒక్కమాట అనలేకపోయారా?"

"అననిస్తేగా అమ్మా! సూది చేత్తో పట్టుకునే తలుపు తీశారు. గుచ్చారు. వెళ్లిపోయారు. అర నిమిషం కూడా లేరు. నేను చేతులు తుడుచుకుని వచ్చేసరికి మెదడును మంచులో పెట్టమని అవతలి గదిలోంచి కేక."

మర్నాడు ఉదయం ఆవిడ డైరెక్టరు గదికి వెళ్లి అంతా చెప్పింది. ఆయన మొదట నవ్వాడు, తరవాత తల పట్టుకున్నాడు, ఆ తరవాత తలుపు వేయమన్నాడు. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా," అన్నాడు మెల్లగా.

"నాకు తెలుసుగా," అంది ఆవిడ. ఆ మాట తన నోట్లో ఎవరిదో ఆవిడకు తెలిసింది.

పదకొండేళ్లు గీసిన పటాన్ని కంప్యూటర్లో కుడిఎడమలు తిరగేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మచ్చ ఎడమకు వచ్చింది. లావు కట్టా ఎడమకు వచ్చింది. ఎక్కడ ఉండాలని అందరూ ఎప్పటి నుంచో చెబుతున్నారో సరిగ్గా అక్కడికి. పటం పటంలాగే ఉంది, అంత మంచి పటం ఇంకెక్కడా లేదు. కానీ ఆవిడ పేరు నిలబెట్టిన సంగతి ఆ తెర మీద లేదు. ఎప్పుడూ లేదు.

పేరు పోయినందుకు ఏడుస్తాననుకుంది ఆవిడ. ఏడుపు వచ్చింది గానీ దానికి కాదు. తనకూ నిదానానికీ మధ్య ఆ వరండాలో జరిగినది గుర్తొచ్చి వచ్చింది. దిద్దుబాటు ఉత్తరం పంపాక, పటం తెరిచే పండుగకు ఆగకుండా, బీరువాలోంచి నిదానం కొలతల పుస్తకాలు పన్నెండూ తీసి సంచిలో వేసుకుని బయలుదేరింది.

కళ్లజోళ్ల దుకాణం ఒక ఇరుకు సందులో ఉంది. గాజు అర వెనక నిదానం కూర్చుని, ఒక ఫ్రేముకు మరలు బిగిస్తోంది. తలెత్తి చూసి లేచి నిలబడింది.

"మేడం!"

"నీ చెయ్యి బాగానే ఉందే అమ్మాయ్," అంది ఆవిడ. దారిపొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "నీ కొలతలన్నీ సరైనవే. నేనే సూది కుడివైపు గుచ్చాను. మెదడు బోర్లా ఉంది, చూసుకోలేదు. అందరికీ రాసి పంపాను. ఇవి నీ పుస్తకాలు. నీ పేరుతో అచ్చు వేయిద్దాం. నువ్వు ఒప్పుకుంటేనే."

నిదానం పుస్తకాల వంక చూసింది గానీ ముట్టుకోలేదు. "మూడో ఏడు అడిగాను మేడం, గుర్తుందా?" అంది.

"ఉంది."

"మీరు నడుస్తూ చెప్పారు. నేను వెనకాల పరిగెడుతూ విన్నాను." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఆవిడకు. "ఇప్పటికీ ఈ మరలు బిగించి, మళ్లీ విప్పి చూసుకుంటాను. నా చెయ్యి సాగదీస్తుందేమోనని. మా ఓనరు నవ్వుతాడు. ఇన్ని సార్లెందుకే అంటాడు."

ఆవిడ కాళ్లు వాటంతట అవే గుమ్మం వైపు తిరిగాయి. అప్పుడే ఒక ముసలాయన పగిలిన కళ్లజోడు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. చూపు పరీక్ష చేయాలి, కొత్త అద్దాలు చూపించాలి.

"నాకు కొంచెం ఆలస్యమవుతుంది," అంది నిదానం, బల్ల పక్కనున్న స్టూలు చూపిస్తూ. "కూర్చుంటారా, వెళ్తారా?"

ఆవిడ కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. నిదానం ఆ ముసలాయనకు ఒక్కో అద్దం మార్చి, ఇది బాగుందా, అది బాగుందా అని అడుగుతూ, ప్రతిదీ రెండోసారి చూసుకుంటూ నలభై నిమిషాలు తీసుకుంది. ఆవిడ లేవలేదు.