మూడు లైఫుల ఆట

గుమ్మం ముందు రెండు జతల బుల్లి చెప్పులు ఉండాల్సిన చోట ఒక్క జతే కనిపించినప్పుడు నాకు భయం వేయలేదు. చెల్లెలు ఏదని అడిగితే మావాడు పెన్సిల్ చెక్కుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "అడవిలకు పోయింది. ఏం గాదులే అమ్మా, దానికింకా రెండు లైఫులున్నయి" అన్నప్పుడు మాత్రం వేసింది.

ఇవాళ సాయంత్రం ఇక్కడ ఖమ్మంలో, ఇంటర్నెట్ సెంటర్ నుంచి వచ్చిన అదే కొడుకు, ఇప్పుడు నా భుజం దాకా ఎదిగినవాడు, ఏదో ఆటలో నాలుగుసార్లు చచ్చి లేచానని నవ్వుతూ చెప్పేసరికి ఆ మధ్యాహ్నమంతా మళ్లీ కళ్లముందుకొచ్చింది. పిల్లలు పడుకున్నారు. నాకు నిద్ర రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

అప్పుడు మేము మణుగూరులో, బొగ్గు బాయి కార్మికుల కాలనీలో, చివరి వరుస క్వార్టరులో ఉండేవాళ్లం. పెరటి గోడ దాటితే వాగు, వాగు దాటితే అడవి. డిగ్రీలో కంప్యూటర్లు చదివి ఇంట్లో కూర్చున్నదాన్ని, మా ఆయన కొనిచ్చిన అసెంబుల్డ్ కంప్యూటరు మీద, కరెంటు ఉన్నప్పుడల్లా, ఒక్కదాన్నే ఒక ఆట తయారుచేస్తుండేదాన్ని. అడవిలో తప్పిపోయిన పిల్ల ఒక్కతే బతికి బయటపడాలి. పండ్లు ఏరుకోవాలి, ఎలుగుబంటిని తప్పించుకోవాలి, అలసిపోతే వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి, శక్తి నిండుతుంది. ఒకసారి చచ్చినా ఇంకా రెండు లైఫులుంటాయి. దాన్ని హైదరాబాదులో ఏదైనా కంపెనీకి చూపించి ఉద్యోగం అడగాలని నా ఆశ. బొమ్మల కోసం వేరే అడవి ఎక్కడ వెతకను, మా పెరటి వెనకదే గీశాను. ఆ వాగు వంపు, ఆ తునికి చెట్టు చూసి నా ఐదేళ్ల కూతురు ఇదీ అదీ ఒకటే అనుకుంది.

పరిగెత్తాను. పొద్దున కురిసిన వానకు వాగు ఎర్రగా పారుతోంది. నా కూతురు ఒడ్డున కూర్చుని నీళ్లలో కాళ్లు వేలాడేసుకుని ఉంది, నీళ్లు అప్పటికే మోకాళ్లు దాటాయి. లాగి ఎత్తుకుంటే గింజుకుంది. "ఆగమ్మా, శక్తి ఇంకా సగమే నిండింది!"

షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన సంగతంతా విని కంప్యూటరు ముందుకొచ్చారు. తర్వాత స్క్రీను మీది పిల్లను చూసి, "గంత అడవిలకు ఒక్కదాన్నే పంపినవేందే? బాయిల మేం ఒక్కలం పోతమా? జోడీ లేంది అడుగు వెయ్యం" అన్నారు.

నాకు రోషం వచ్చింది. "ఆటన్నంక గట్లనే ఉంటది."

"అవ్, ఆటనే. గది నీ బిడ్డకు చెప్పు" అని కంచం ముందు కూర్చున్నారు.

లైఫులు ఆ రాత్రే తీసేశాను. మిగతాదానికి నెలలు పట్టింది. వానొస్తే వాగు పెరిగేలా రాశాను. ఆ పిల్లకు ఒక అన్నను ఇచ్చాను. ఒకరు కనబడకపోతే ఇంకొకరు ముందుకు కదలలేరు, ఆగి పిలవాల్సిందే. అదంతా పూర్తయ్యేసరికి అలాంటి ఆటలను చూసేవాళ్లే లేకుండా పోయారు, నాదీ ఏ కంపెనీ గడపా తొక్కలేదు. ఇప్పుడు మావాడు ముఖం తెలియని వాళ్లతో ఆడతాడు, అక్కడ ఒకరు పడిపోతే మిగతావాళ్లు వెనక్కి కూడా చూడరట. ఆ ఆటల్లోని అడవి ఏ ఊరిదో నాకు తెలియదు, పరిగెత్తి వెళ్లి ఎత్తుకొచ్చే దారీ లేదు.

కూతుర్ని వాగు నుంచి ఎత్తుకొచ్చిన మర్నాడు పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లలిద్దరూ లైఫులు మాయమయ్యాయని గొడవ పెట్టారు. మూడు వద్దు, కనీసం రెండన్నా పెట్టమని మావాడు బేరమాడాడు, నిన్నటి కాళ్ల బురద ఇంకా పూర్తిగా వదలని చెల్లెలు వంత పాడింది. ఇద్దరినీ ఒళ్లోకి లాక్కుని చెప్పాను:

"నేనైతే రెండు గాదు, ఇరవై పెడ్త బిడ్డా. గని ఆ సంగతి వాగుకెట్ల తెలుస్తది?"