ఆయన గొంతు పెంచిన రోజు

బారిస్టర్ సాబ్ పోయారన్న కబురు నాకు హనుమకొండ కచేరీ మెట్ల మీద తెలిసింది. చేతిలో వాయిదా దరఖాస్తు ఉంది. సాబ్ ఒంట్లో బాగాలేక హైదరాబాదు దవాఖానలో ఉన్నారు, రెండు వారాల గడువు ఇప్పించండి అని నేనే ఉర్దూలో రాసుకుని వచ్చాను. కచేరీ జవాను ఎదురొచ్చి నా మోచేయి పట్టుకున్నాడు.

"మున్షీజీ, జర ఆగుండ్రి. మీ సాబ్ పొద్దుగాలనే పోయిండ్రట. ఇప్పుడే తార్ వచ్చింది."

నాకు ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. పదమూడేళ్లు ఆయన దగ్గర రాతకోతలు చూసినవాణ్ణి, ఆ కబురు జవాను నోట వినాల్సి వచ్చింది. అక్కడే మెట్టు మీద కూర్చుని, దరఖాస్తులో 'బీమార్' అన్న మాట కొట్టేసి 'ఫౌత్' అని, అంటే పోయారని, రాసి లోపల ఇచ్చాను. తీర్పులు చెప్పే హాకిం గారు చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వాయిదా దొరికింది.

ఆయన గురించి మా ఊళ్లో కథలు చాలా ఉన్నాయి, సగం అబద్ధాలు. లండన్‌లో తెల్లదొరసానిని పెళ్లాడి ఓడలోనే వదిలేసి వచ్చారన్నది వాటిలో ఒకటి. నిజం ఇంత గొప్పగా ఉండదు. పరకాల అవతల ఒక దేశ్‌ముఖ్ ఇంట్లో పుట్టారు. గడీలో, కోటలాంటి ఆ దొరల ఇంట్లో పెరిగి, సీమకు వెళ్లి బారిస్టరై వచ్చారు. హైదరాబాదులో కూర్చుని జాగీర్దార్ల దావాలు చూసుకుంటే మేడలు కట్టేవారు. ఆయనేమో హనుమకొండలో మా నూనె దుకాణం పక్క సందులో రెండు గదులు తీసుకున్నారు. "దొరకు పిచ్చి లేసినట్టున్నది" అన్నాడు మా నాన్న. తర్వాత ఆ పిచ్చి దొర దగ్గరే నన్ను పనికి పెట్టాడు. నాకు ఉర్దూ రాత కుదరడం, దుకాణంలో తూకం కుదరకపోవడం, రెండూ అందుకు కారణాలే.

నిజాం సర్కారు పర్మిషన్ లేకుండా సభ పెట్టారని పట్టుకుపోయిన పంతుళ్లు, నలుగురిని కూర్చోబెట్టి పత్రిక చదివాడని జైల్లో వేసిన దర్జీ, వెట్టికి రామన్నందుకు దెబ్బలు తిన్న కుమ్మరులు, ఇలాంటివాళ్లే మా కక్షిదారులు. నేను కొత్తలో "ఏం కేసు?" అని మొదలుపెట్టేవాణ్ణి. ఆయన ఆపేవారు. "ముందుగాల పేరు అడుగుండ్రి మున్షీజీ. కేసు యాడికి పోతది?" అనేవారు. వచ్చినవాళ్లు చెప్పులు వీధిలో విడిచి లోపలికి వస్తారు కదా, ఆయన కూడా తన లండన్ బూట్లు తీసుకెళ్లి ఆ చెప్పుల పక్కనే పెట్టేవారు. ఒకనాడు కుక్క ఒక బూటు ఎత్తుకుపోయింది. ఆ రోజు నల్ల గౌను కింద నా చెప్పులు వేసుకుని కచేరీకి వెళ్లారు. నేను ఉత్త కాళ్లతో వెనక నడిచాను.

ఆయనకున్న ఒక్క లోపం కోపం. అది వస్తే గొంతు మారిపోయేది. తర్వాత ఆయనే సిగ్గుపడి, "ఇది నాది గాదు మున్షీజీ, మా మేనమామ గొంతు" అని నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వాల్సిన సంగతి కాదని తర్వాత తెలిసింది.

నాలుగేళ్ల కింద రాజయ్య అనే చాకలి మా దగ్గరికి వచ్చాడు. వాళ్ల ఊరి దొర స్వయానా మా సాబ్ మేనమామే. గడీలో తరతరాల వెట్టి చేయలేక, రాజయ్య పెళ్లాంతో వరంగల్ పారిపోయి వచ్చి బట్టల మిల్లులో చేరాడు. దొర మనుషులు మిల్లు గేటు దగ్గరే అతన్ని పట్టుకుని, బండిలో వేసుకుపోయి తొమ్మిది రోజులు గడీ కొట్టంలో పెట్టారు. ఎలాగో తప్పించుకుని వచ్చాడు. అతనికి కావాల్సింది ఒక్కటే, మిల్లులో పని చేసుకుంటూ వరంగల్‌లో బతకనివ్వాలి. సాబ్ తన మేనమామ మీదే ఫిర్యాదు వేశారు. వాళ్లమ్మగారు ఇంటికి రావద్దని కబురు పంపారు. ఆయన ఆ రోజు అన్నం తినలేదు గానీ ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు.

రాజయ్య తన ఇష్టంతోనే గడీకి వచ్చాడని అవతలివాళ్ల వాదన. అతను కాదంటే చాలు, కేసు గెలిచినట్టే. మా గదిలో ఆ మాట పదిసార్లు చెప్పాడు, గట్టిగా చెప్పాడు.

విచారణ రోజు మేనమామ స్వయంగా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆ దొరను చూడగానే రాజయ్య తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నాడు. సాబ్ మెల్లగానే అడిగారు. "రాజయ్యా, నిన్ను ఎవరు తీస్కపోయిండ్రు?" జవాబు లేదు. మళ్లీ అడిగారు. మూడోసారీ లేదు. అప్పుడు ఆయనకు కోపం వచ్చింది.

"నోరు తెరువు! నీ ఇష్టంతోనే పోయినవా? చెప్పు!"

అచ్చం గడీ గొంతు. నా వెన్ను కూడా దానంతటదే వంగింది. రాజయ్య నేల దాకా వంగి, "అవు దొరా, నీ బాంచెను" అన్నాడు.

కచేరీ రాతగాడు అది రాసేశాడు. సాబ్ ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. అడిగింది మీరు, చెప్పింది మీ మనిషి అన్నారు హాకిం. ఫిర్యాదు కొట్టేశారు. మేనమామ లేచి, సాబ్ పక్కగా వెళ్తూ, "మన రక్తం యాడికి పోతది అల్లుడా" అన్నాడు. నవ్వకుండానే అన్నాడు. బయట బండి సిద్ధంగా ఉంది. రాజయ్యను అందులో ఎక్కించుకుని పోయారు. సాబ్ వరండాలో గౌనుతో అలాగే నిలబడి, "నేనే అప్పజెప్పిన" అన్నారు. నేను కాదని అనలేదు. అనాల్సిందేమో. కానీ నాకూ ఆయన మీద కోపంగానే ఉంది, ఇప్పటికీ కొంత ఉంది.

తర్వాత ఆ ఊరికి నన్ను రెండుసార్లు పంపారు, తానూ వెళ్లారు. రాజయ్యను దొర వేరే ఊరి పొలాలకు పంపేశాడన్నారు. ఏ ఊరో ఎవరూ చెప్పలేదు. ఆనాటి నుంచి ఆయన మళ్లీ ఏ సాక్షినీ తానుగా ప్రశ్నించలేదు. సన్నగొంతు కుర్ర వకీలును పెట్టుకుని అతని చేత అడిగించేవారు. బారిస్టరుకు గొంతు జబ్బని వకీళ్లంతా అనుకున్నారు. ఆయన అనుకోనిచ్చారు.

కచేరీకి వెళ్లేముందు కక్షిదారులకు దొర గద్దింపు అలవాటు చేయించే పని నా మీద పడింది. "మున్షీజీ, మీరు దొర. అరువుండ్రి" అనేవారు. నేను అరిచేవాణ్ణి. "గిట్లరిస్తె మా మేకలు గూడ బెదరయి బిడ్డా" అంది ఒక ముసలమ్మ. గదంతా నవ్వు. సాబ్ కూడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, చప్పున లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయారు.

కాలం తిరగబడింది, ఊళ్లు దొరల మీద లేచాయి. ఆ మేనమామ గడీకి తాళం పెట్టి పట్నం చేరాడు. సాబ్ పోయిన పదకొండో రోజు నేను కాగితాలు సర్దుతుంటే, గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. తల నెరిసింది, మనిషి చిక్కిపోయాడు. అయినా రాజయ్యను గుర్తుపట్టాను.

"అయ్యా, సాబ్ ఉన్నరా?"

చెప్పాను. గడప మీద కూలబడ్డాడు. "ఒక్క మాట చెప్పుదామని వచ్చిన. నాడు నా నోరు తప్పింది. ఆయన కేసు నేనే పాడు జేసిన. నా మీద కోపంతోనే పోయిండ్రో ఏమో" అన్నాడు.

తప్పు తనదేనని ఆయన నాలుగేళ్లు ఎలా కుమిలిపోయారో చెప్పాను. రాజయ్య నా మొహంలోకి చూశాడు. "దొరలు గట్ల గూడ అనుకుంటరా?" అన్నాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. తర్వాత అడిగాడు, "నాటి జవాబు ఇప్పుడు రాయొచ్చునా?"

ఏ కచేరీ దాన్ని తీసుకోదు. ఆ సంగతి చెప్పకుండానే ఒక కాగితం తీశాను. అతను లేచి నిలబడి, నన్ను సూటిగా చూస్తూ, గోడలు అదిరేలా చెప్పాడు.

"నా ఇష్టంతోని పోలె. నన్ను గుంజుకపోయిండ్రు."

చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే రాశాను. వేలిముద్ర వేశాడు.

"ఇగ హాకిం ఏమంటడు?" అన్నాడు.

నేను సిరాబుడ్డికి మూత పెట్టాను. రాజయ్య తొందరపెట్టలేదు. సిరా అంటిన బొటనవేలు బట్టలకు తగలకుండా పైకెత్తి పట్టుకుని, మళ్లీ గడప మీద కూర్చుని, నా జవాబు కోసం చూస్తున్నాడు.