పరదా చాటు పంతులమ్మ

ఆ రోజుల్లో, అంటే నిజాం పాలన చివరి ఏళ్లలో, మా జహీరాబాదులో ఆడపిల్లకు చదువంటే మగపిల్లలు తినగా మిగిలిన సద్ది. నా వంతుకు వచ్చింది మా మేనమామ హైదరాబాదు నుంచి తెచ్చి మరచిపోయిన ప్రాచీన చరిత్ర పుస్తకం. పదకొండేళ్లకే దాన్ని అట్ట ఊడేదాకా చదివాను. అది చూసి బాపు, బడిలో వేసేముందు నాలుగు ముక్కలు నేర్పమని నా కవల తమ్ముళ్లను నాకు అప్పగించాడు. (ఇంట్లోనే ఊరికే దొరికే పంతులమ్మ ఉండగా బయటివాళ్లెందుకు!)

ఏడేళ్ల పిల్లలకు ఏనాటివాళ్లో ఆ రాజులు ఎక్కడ తలకెక్కుతారు? అందుకని చరిత్రనంతా మా ఇంట్లోకే దించాను. జొన్నపిండి ముద్దతో వంటింట్లో మొహెంజొదారో కట్టాను. అమ్మ ఆ నగరాన్ని రొట్టెలు చేసి పెట్టేసింది. "సింధు నాగరికత ఎట్ల పోయింది?" అని అడిగితే పెద్దవాడు "మేమే తిన్నం" అనేవాడు. అశోకుడి దగ్గర మాత్రం ఇద్దరూ మొరాయించారు. "మన పెద్దబాపు లెక్క అనుకోన్రి" అన్నాను. (మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న, కోపమొస్తే జీతగాళ్లను చితకబాది, తర్వాత అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకునేవాడు.)

పిల్లలను పరీక్షించడానికి బడి నుంచి మౌల్వీ సాబ్ మా ఇంటికి వచ్చాడు. బాపు, పెద్దబాపు ఎదురుగా కూర్చున్నారు. నేను పరదా వెనుక.

"అశోకుడు ఎవరు బేటా?"

"మా పెద్దబాపు లెక్క. మందిని కొట్టిండు, మల్ల ఏడ్చిండు" అన్నాడు చిన్నవాడు.

పెద్దబాపు మీసం బిగుసుకుంది. మౌల్వీ సాబ్ నవ్వాపుకుని, "ఏడ్చినంక ఏం చేసిండు?" అన్నాడు. ఇద్దరూ పెద్దబాపు వైపు చూశారు. (ఆ తర్వాతి భాగానికి మా ఇంట్లో ఉదాహరణ దొరకలేదు మరి.) నేను ఉండబట్టలేక లోపలి నుంచే అరిచాను: "ఇగ కొట్టనని రాళ్ల మీద రాయించిండు! బాటల పొంటి చెట్లు పెట్టించిండు! దవాఖానలు తెరిచిండు!"

మౌల్వీ సాబ్ పరదా వైపు తిరిగాడు. మగధ గురించి, బుద్ధుడి గురించి అడిగాడు. అన్నీ చెప్పాను. చివరికి, "పటేల్ సాబ్, ముందుగాల ఈ బేటీని బడికి తోలున్రి. పోరగాండ్లు జర ఆగినా ఫికర్ లేదు" అన్నాడు.

బాపు పగలబడి నవ్వాడు. "మీరు మజాక్ మంచిగ చేస్తరు, మౌల్వీ సాబ్!" పెద్దబాపూ నవ్వాడు. పరదా వెనుక నేనూ నవ్వాను. ఆ నవ్వుకు అర్థం సరేనని అనుకున్నాను.

బడి మొదలైన పొద్దున తమ్ముళ్లకంటే ముందే తలస్నానం చేసి, జడ వేసుకుని, ఎడ్లబండి ఎక్కి కూర్చున్నాను. బాపు కోప్పడితే బాగుండేది. నెమ్మదిగా, "దిగు బిడ్డ, తమ్ముళ్లకు జాగ సాలది" అన్నాడు. కోహీర్ నుంచి మా జొన్న బస్తాలన్నీ ఒక్కసారే మోసుకొచ్చే బండి అది. దిగాను. తమ్ముళ్లు "అక్క రావాలె" అని ఏడుస్తూనే వెళ్లారు.

ఏడవాల్సిన ఆ పిల్ల ఏం చేసిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. బండి మలుపు తిరిగేలోపు దాని వెనకాలే పరుగెత్తి, గొంతు చించుకుని అరిచింది: "చంద్రగుప్తుని కొడుకు బిందుసారుడు! మర్వకున్రి!"