టర్మ్స్ మాస్టారి పిలుపు

సికింద్రాబాద్ కార్ఖానా పేటలో ఒక వీధికి వచ్చి రామభద్రరావు గారి ఇల్లెక్కడని అడిగితే ఎవరికీ తెలియదు. టర్మ్స్ మాస్టారి ఇల్లంటే మాత్రం ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డవాళ్ళంతా ఒకేసారి వేలు చూపిస్తారు. కోనసీమ నుంచి కుర్రతనంలో సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీకి ఇంగ్లీషు లెక్చరరుగా వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక ముందుగదిలో ఎం.ఏ. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న మనిషి ఆయన.

ఊళ్ళో ప్రతి గోడ మీదా గలగలా ఇంగ్లీషు నేర్పిస్తామనే కాగితాలు అంటించి ఉంటాయి. ఆ కాగితాలు చూసి పొరపాటున ఈయన దగ్గరికి వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపేసేవాడు.

"మాట్లాడించడం నా పని కాదు నాయనా. మాట నోట్లో ఎక్కడ పుడుతుంది, ముక్కకు ముక్క ఎలా అతుక్కుంటుంది, అది చెప్పడం నా పని. వాటికి పేర్లున్నాయి. ఆ పేర్లు నోటికి రాకపోతే భాషాశాస్త్రం పేపరు నిన్ను గట్టెక్కనివ్వదు" అనేవాడు.

ఆ పేర్లే టర్మ్స్. వాటిని ఆయన చెప్పే తీరు ఇంకెక్కడా ఉండదు. చిన్నప్పుడు వీధిబడిలో ఎక్కాలు వల్లె వేయించినట్టు రాగం తీసి వల్లె వేయించేవాడు. "రెండు పెదవులు కలిస్తే?" అని ఆయన అందుకుంటే, పిల్లలంతా పెదవుల మీద వేలు పెట్టుకుని "బైలేబియల్!" అనాలి. "గొంతు మోగితే?" అంటే గొంతు పట్టుకుని "వాయిస్డ్!" అనాలి. "అర్థమున్న అతి చిన్న ముక్క?" "మార్ఫీమ్!" "అర్థం మార్చే అతి చిన్న ధ్వని?" "ఫోనీమ్!" ఎదురింటి వీరరాఘవమ్మ గారు మొదట్లో అది ఏదో కొత్త రకం భజన అనుకుంది. తర్వాత్తర్వాత ఆవిడా బియ్యం ఏరుకుంటూ ఆ రాగమే తీసేది.

ఇంట్లో ఈ మోత అంతా వినే మనిషి ఇంకొకావిడ ఉంది. మాస్టారి భార్య సుబ్బులు. వంటింట్లోంచి బయటికి రాకుండా, పాఠం మధ్యలో అందరికీ టీలు అందించే ఇల్లాలు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ ఆయన్ని "ఏవండీ" అంటుంది. ఆయన ఆవిడను "ఇదిగో" అంటాడు. వాళ్ళ వైపు పాత ఇళ్ళల్లో అదే వరస, పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచే మగవాడిని చూసి నవ్వేవాళ్ళు. పిల్లలు లేరు గనుక ఫలానావాడి అమ్మా అని పిలిచే వీలు కూడా లేకపోయింది.

ఒకసారి క్లాసులో అడ్రెస్ టర్మ్స్ అనే పాఠం వచ్చింది. మనుషులు ఒకరినొకరు ఏ మాటతో పిలుచుకుంటారన్నది అందులో సంగతి. బావ, వదిన, సార్, అన్నీ బోర్డు మీద రాసి, "మా ఇళ్ళల్లో భార్యను పిలిచే మాట ఏమిటో తెలుసా? సున్నా!" అని బోర్డు మీద పెద్ద సున్నా చుట్టాడు. పిల్లలు పగలబడి నవ్వారు. వంటింట్లో సుబ్బులు పోపు వేస్తోంది. ఆవిడకు వినబడిందో లేదో ఆయన అప్పుడు ఆలోచించలేదు.

కిందటి వానాకాలం ఒక ఉదయం, బోర్డు మీద రాస్తూ రాస్తూ ఉండగా చాక్‌పీసు ఆయన చేతిలోంచి జారిపడింది. దాన్ని తీయడానికి వంగిన మనిషి మళ్ళీ లేవలేదు. పక్షవాతం. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి కుడిచెయ్యి సగం చచ్చుబడింది, మాట మొత్తం పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అంతా అర్థమవుతుంది. చెప్పాలనుకున్నది బుర్రలో ఉంటుంది. నోటికి మాత్రం రాదు. దాన్ని అఫేజియా అంటారు. ఏళ్ళ తరబడి తనే రెండు మార్కుల ప్రశ్నగా వల్లె వేయించిన పేరు, ఇప్పుడు తన ఆసుపత్రి చీటీ మీద ఉంది.

మాట మొత్తం పోయిందన్నాను గానీ, అది పూర్తి నిజం కాదు. టర్మ్స్ మిగిలాయి.

"కాఫీ తాగుతారా?" అని సుబ్బులు అడిగితే ఆయన నోరు తెరిచి, ఎంతో ప్రయాసపడి, "ఫోనీమ్" అన్నాడు. "పోనీ మజ్జిగా?" అంటే "మార్ఫీమ్" అన్నాడు. కోపం వచ్చి దిండు మీద కొడుతూ "బైలేబియల్, బైలేబియల్!" అని అరిచాడు. సుబ్బులు అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆవిడ నవ్విందో ఏడ్చిందో ఆయనకు తెలియలేదు. నాకైతే రెండూ అనిపిస్తుంది.

మాట నేర్పించడానికి వచ్చే మాధురి అనే థెరపిస్టు అమ్మాయి సుబ్బులుకు ధైర్యం చెప్పింది. "రాగం పెట్టి వల్లె వేసినవి అలా మిగిలిపోతాయండీ. కొంతమందికి పాటలు మిగులుతాయి, కొంతమందికి అంకెలు. సార్‌కు ఇవి మిగిలాయి. వీటిని పట్టుకునే మిగతావి లాగాలి" అంది.

ఆ లాగే పని నవత నెత్తిన వేసుకుంది. నవతది బోయిన్‌పల్లి. తండ్రి సోమయ్యకు కూరగాయల మార్కెట్టులో అంగడి. నవత ఎప్పుడో మాస్టారి దగ్గర చదువుకుని ఇప్పుడు బన్సీలాల్‌పేట్‌లో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతోంది. మాస్టారి దగ్గర చేరిన మొదటిరోజు క్లాసులో ఆమె నోట "గిట్ల" అన్న మాట విని వెనక బెంచీలో ఒకడు కిసుక్కుమన్నాడు. మాస్టారు వాణ్ణి లేపి, "నీది ఒక డయలెక్టు, ఆమెది ఒక డయలెక్టు. ఇంకొకరి యాస చూసి నవ్వేవాడు ఈ సబ్జెక్టుకు పనికిరాడు" అని గుమ్మం బయట నిలబెట్టాడు. అంతకుముందు బడిలో ఏళ్ళ తరబడి నోరు కుట్టేసుకుని కూర్చున్న పిల్ల, ఆ రోజు నుంచి అన్ని ప్రశ్నలకూ ముందు చెయ్యెత్తేది. అది ఆమె మరిచిపోలేదు.

ప్రతి ఆదివారం సంచీ నిండా వంకాయలో బెండకాయలో పట్టుకుని దిగేది. మొదట్లో ఒక ఆదివారం వంటింట్లో కూరగాయలు సర్దుతూ సుబ్బులు ఆమెతో మెల్లిగా అంటున్న మాట ముందుగదిలో మాస్టారి చెవిన పడింది.

"ఇల్లంతా ఆయన మాటలే మోగుతున్నాయి నవతా. నన్ను పిలిచే మాటే లేదు. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, అన్నీ ఓర్చుకుంటాను. ఒక్కసారి 'ఇదిగో' అని పిలిస్తే చాలమ్మా."

మాస్టారి గుండె కలుక్కుమంది. కాఫీ అడగలేకపోయినా, ఫ్యాను వెయ్యమనలేకపోయినా అంత బాధ కలగలేదు. ఆవిడ అడిగింది ఒకే ఒక్క మాట, తను రోజుకు వందసార్లు విసిరేసిన మాట. ఆ మధ్యాహ్నం అంతా దానికోసం ప్రయత్నించాడు. "ఇ..." అన్నదాకా వచ్చేది. ఆ తర్వాత "ఇంటొనేషన్" అని జారిపోయేది. మాటలోని రాగానికి పేరు అది. రాగం ఎటు పోతే నాకేం, నాకు మాట కావాలి అని తనమీద తనే పళ్ళు నూరాడు.

నవత పద్ధతి సులువైనది. పాత రాగం ఎత్తుకునేది, ఆయన అందుకునేవాడు, ఆ ఊపులోనే కొత్త ప్రశ్న దూర్చేది.

"రెండు పెదవులు కలిస్తే?"

"బైలేబియల్!"

"గొంతు మోగితే?"

"వాయిస్డ్!"

"దూప అయితే? సార్, ఆగకుండ్రి, గదే రాగం. దూప అయితే... నీ..."

"నీ... నీళ్ళు!"

సుబ్బులు చెంబుతో పరుగెత్తుకొచ్చింది. ఆయనకు దాహం లేదు. అయినా చెంబు ఖాళీ చేశాడు. తర్వాతి వారాల్లో కాఫీ వచ్చింది, ఫ్యాను వచ్చింది, చాలు వచ్చింది. మాధురి వచ్చి విని చప్పట్లు కొట్టింది. "ఇదిగో" మాత్రం రాలేదు. అది కావాలని చెప్పడానికి ఆయనకు మాట లేదాయె.

పిలుపంటే పేరే అనుకున్న నవత ఒక ఆదివారం ఉన్నట్టుండి ఆ రాగంలోనే "మేడం పేరేంది సార్? సు..." అంది.

వంటింట్లోంచి సుబ్బులు గాభరాగా వచ్చింది. "అయ్యో, పేరెందుకమ్మా? ఆయన ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు."

నవత నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎప్పుడు పిలవలేదా? మా నాయిన మార్కెట్ల ఈ కొసకెల్లి ఆ కొస దాకా దేవమ్మా అని ఒర్లుతడు. మార్కెట్ మొత్తానికి మా అమ్మ పేరు ఎరుక. నేను అందరిళ్ళల్ల గట్లనే అనుకున్న."

"మావైపు అలా ఉండదమ్మా. 'ఇదిగో' అంటారు."

"తప్పయితే మాఫ్ చెయ్యుండ్రి మేడం. ఇగ పేరు అడగను" అని నవత బెండకాయల మీదకు మాట మార్చేసింది.

మాస్టారు కుర్చీలోంచి ఎదురుగా ఉన్న బోర్డు వైపు చూశాడు. తను బోర్డు మీద చుట్టిన సున్నా ఆయనకు గుర్తొచ్చింది. పిల్లల నవ్వు గుర్తొచ్చింది. ఊళ్ళోవాళ్ళ నోట్లో పుట్టే ప్రతి ధ్వనికీ పేరు చెప్పిన తను, ఇంట్లో మనిషికి ఒక పేరుందన్న సంగతే పట్టించుకోలేదు. ఆయన సిగ్గుపడ్డాడు. ఆ రోజు ఆవిడ అన్నం కలిపి ముద్ద పెడుతుంటే కళ్ళెత్తి చూడలేకపోయాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, సుబ్బులు పొయ్యి మీద వంకాయ కూర పెట్టి, చినుకులు పడుతున్నాయని బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్ళింది. ఎదుటి బాల్కనీలో వీరరాఘవమ్మ గారు కనబడింది. ఇద్దరూ కబుర్లలో పడ్డారు. ముందుగదిలో మాస్టారి ముక్కుకు మాడు వాసన తగిలింది. వంటింటి గుమ్మంలోంచి సన్నగా పొగ వస్తోంది.

"బైలేబియల్!" అని అరిచాడు.

"వస్తున్నానండీ" అంది సుబ్బులు. రాలేదు. రోజూ వినే మాటే కదా, దానికి అంత కంగారు ఎందుకు?

"ఫోనీమ్! ఫోనీమ్!"

"వస్తున్నా, ఉండండి."

పొగ ఎక్కువైంది. ఆయన ఎడమచేత్తో కుర్చీ పట్టుకుని లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. ఇ... ఇ... అని పెనుగులాడాడు. రాలేదు. అప్పుడు, ఎవరో పక్కన నిలబడి అందించినట్టు, ఆ రాగం చెవిలో పలికింది. మేడం పేరేంది సార్?

"సు... సుబ్బులూ!"

ఇల్లు అదిరింది. బాల్కనీలో కబుర్లు ఆగిపోయాయి. బట్టలన్నీ తడినేల మీద పారేసి సుబ్బులు పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన చెయ్యి వంటింటి వైపు చూపిస్తోంది. ఆవిడ అటు చూడటం లేదు.

"కూర" అన్నాడు ఆయన. ఆ మాటా ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చేసింది.

"మాడితే మాడనివ్వండి" అంది సుబ్బులు. అయినా అలవాటున వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది. వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆయన పనిచేసే చేతిని ఆవిడ తల మీద పెట్టాడు.

"ఈ వయసులో పేరు పెట్టి పిలుస్తారా ఎవరైనా?" అంది చివరికి, ముక్కు తుడుచుకుంటూ. "ఎదురింటావిడ విన్నట్టే ఉంది."

మాస్టారు తప్పు చేసినవాడిలా చూశాడు.

సుబ్బులు బాల్కనీ తలుపు వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"ఒకవేళ విని ఉండకపోతే?" అంది. "ఇంకోసారి పిలవండి. కాస్త గట్టిగా."