తాత గ్లౌజుల మీది సంతకం

నా చిన్నప్పుడు దేవరకొండలో చెప్పులు కుట్టే మా తాత దగ్గర ఒక రేకు పెట్టె, అందులో ఒక జత బాక్సింగ్ గ్లౌజులు ఉండేవి. వయసులో ఉన్నప్పుడు ఆయన హైదరాబాద్‌లో ఆటగాళ్ల తోలు సామాను బాగుచేసేవాడు. అక్కడ జరిగిన మొదటి బాక్సింగ్ ఛాంపియన్‌షిప్ పోటీలో ఒక బాక్సర్ గ్లౌజు కుట్లు ఊడితే, ఆట మధ్య విరామంలోనే కుట్టి ఇచ్చాడట. గెలిచాక ఆయన ఆ జత మీద సిరాతో సంతకం చేసి తాతకే ఇచ్చేశాడు.

"చెప్పులు కుట్టెటోనికి ఛాంపియన్ గ్లౌజులిచ్చిండట!" అని ఊళ్లో నవ్వేవారు. తాత పెట్టె తెరిచి సంతకం చూపించేవాడు. వాళ్లు వంగి చూసి, నవ్వు ఆపి తమ దారిన పోయేవారు.

ఒకసారి, పాత పోటీల వస్తువులు సేకరించే పెద్దమనిషి వస్తున్నాడని హైదరాబాద్ నుంచి కబురొచ్చింది. సంతకం నిజమైతే గ్లౌజులను అద్దాల బీరువాలో తాత పేరు రాసి పెడతాడట. తాతకు కాలు ఒక్కచోట నిలవలేదు.

ఆ పొద్దున ఆయన బస్టాండుకు ఎదురువెళ్లగానే, గ్లౌజులు మెరవాలని నేను ఆముదం రాసి గట్టిగా తుడిచాను. తోలుకు నూనె తాగించాలని నేర్పింది తాతే. సంతకం సిరా అంటి గుడ్డ నీలంగా మారాక గాని నేను చేసిన పని నాకు తెలియలేదు.

వాడంతా గుమిగూడింది. పెద్దమనిషి సంతకమేదని అడిగాడు. తాత నా జిడ్డు చేతుల వైపు ఒక్కసారి చూశాడు.

"నేనే నూనె పెట్టిన సారూ. గిట్ల పోతదని తెల్వలె."

"నలభై ఏండ్ల సంది తోలు పని చేసెటోనికి తెల్వదా? దొంగ సంతకం, దొరుకుతనని తుడిచిండు!" అన్నారెవరో. అందరూ నవ్వారు. పెద్దమనిషి వెళ్లిపోయాడు. నేను నోరు విప్పలేదు.

తాత నా చేతులు కుంకుడు రసంతో కడిగి, "దా బిడ్డా, బువ్వ తిందాం" అన్నాడు. చచ్చేదాకా అబద్ధాలకోరు అనిపించుకున్నాడు గాని, నా పేరు ఎత్తలేదు. అంత ప్రేమను చూసి కూడా పిరికిదానిగానే మిగిలాను.

తెలంగాణ వచ్చాక ఒకరోజు నా మనవరాలికి ఇదంతా చెప్పాను. "అప్పుడే చెప్తే ఏమైతుండె అవ్వా?" అని అడిగింది.

ఏమయ్యేది? నాకు రెండు దెబ్బలు పడేవి. అంతే.

అప్పుడు నవ్విన వాళ్లలో ఇప్పుడు ఒక్కరూ లేరు, నిజం చెబుదామంటే. గ్లౌజులు నా దగ్గరే ఉన్నాయి. తోలు ఎండి పగుళ్లిచ్చింది. కాస్త ఆముదం రాస్తే నిలుస్తుందని తెలుసు. చెయ్యి రాదు.