మా పడవ కార్బొరేటరు

పెళ్ళై నేను కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊరికి కాపురానికి వచ్చేసరికి, మా ఆయన మనసులో నాకంటే ముందే ఒకామె కూర్చుని ఉంది. అది ఇంజను కార్బొరేటరు. ఆయన నోట కార్బేటర్. నా ముఖం కన్నా దాని ముఖమే ఎక్కువ తుడిచేవాడని ఇప్పటికీ ఆయన్ని ఆటపట్టిస్తుంటాను.

ఆత్మకూరు సావుకారు ఒకాయన పాత లారీ పెట్రోలు ఇంజను కొని, పెద్ద పడవ నడుమ బిగించాడు. అంతకు ముందు గద్వాల వైపు ఊళ్ళకు పోవాలంటే పెద్ద బుట్టలాంటి పుట్టే దిక్కు. పుట్టి గుండ్రంగా తిరుగుతూ పోయేది, దిగాక కూడా కాసేపు తల తిరిగేది. ఇంజను పడవ మాత్రం చూసినవైపే పోయేది. దాన్ని నడిపే మా ఆయనకు రెండు ఒడ్డుల్లోనూ మర్యాదే.

వారానికోసారి కార్బొరేటరును ఊడదీసి ఇంటికి తెచ్చేవాడు. నా పాత చీర ముక్క పరిచి, దాని మీద భాగాలన్నీ విప్పి వరసగా పెట్టేవాడు. అడుగున గిన్నెలాంటిది ఉంటుంది. పెట్రోలు ముందు అందులోకి చేరుతుంది, దాంతోపాటు నీటి చుక్కా, ఏటి ఇసుకా చేరతాయి. అవన్నీ కడిగేవాడు. గిన్నెలో తేలే ఇత్తడి బుడ్డిని చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల చప్పుడైతే దానికి చిల్లు పడి పెట్రోలు చొరబడినట్టు. అప్పుడది తేలదు, పెట్రోలు పొంగి పొర్లుతుంది. ఇక జెట్టు అని ఒక చిన్న మర ఉండేది, దానికి వెంట్రుకంత రంధ్రం. దాన్ని నోటితో ఊదాలే తప్ప సూది పెట్టకూడదు. సూది తగిలి రంధ్రం పెద్దదైతే ఇంజను పెట్రోలు తెగ తాగి నల్లపొగ కక్కుతుంది. ఊది ఊది ఆయన మూతికి ఎప్పుడూ పెట్రోలు వాసనే. కొత్త పెళ్ళికూతురికి అదెంత ముచ్చటో నన్నడగకండి.

మా అత్తమ్మకు ఆ ఇంజనంటే భయం. పుట్టి తోలేవాళ్ళ ఇంట పుట్టిన మనిషి. మంటతో నడిచే వస్తువును నీళ్ళ మీద పెట్టడమేమిటని ఆమె బాధ. కొడుకు పడవెక్కినప్పటి నుంచి దిగేదాకా ఆమె గుండె ఆమె దగ్గర ఉండేది కాదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆమె తన తప్పును ఒప్పుకోగా నేను చూడలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే మా నాలుకే చెడిందనేది. పెరుగు తోడుకోకపోతే నేను తొంగి చూశాననేది. నాకూ నోరు తక్కువేం కాదు, మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక గొడవ.

ఆ దసరాకు అత్తమ్మ ఇంజనుకు ఆయుధపూజ చేసింది. పానాలకు, సుత్తికి, ఇంజనుకు, దాని మీద చెక్కపై కూర్చోబెట్టిన పెట్రోలు టాంకీకి, అన్నిటికీ పసుపు పూసి బొట్లు పెట్టింది. ఏటి నీళ్ళు చిలికి బొట్టు కరిగిపోతే కొడుక్కు కీడని, పసుపులో తుమ్మబంక కలిపింది. పండగతో ఊరుకోలేదు. ప్రతి శుక్రవారం పొద్దున్నే పడవ దగ్గరికి పోయి, పాత బొట్ల మీదే కొత్తవి దిద్ది వచ్చేది.

ఆ తర్వాతే ఇంజనుకు మాయరోగం పట్టుకుంది. ఒడ్డున బాగానే అందుకునేది. సగం ఏరు దాటాక దగ్గి, వణికి, ఆగిపోయేది. పడవ కిందికి కొట్టుకుపోతుంటే ఇద్దరు ముగ్గురు గడలు వేసి నిలబెట్టేవాళ్ళు. మా ఆయన గిన్నె విప్పి కడిగి బిగించేవాడు. వెంటనే అందుకునేది. విప్పగానే బాగవుతోంది కనుక రోగం కార్బొరేటరులోనే ఉందనుకున్నాడు. అలా అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు. పెట్రోలును రెండు మడతల ధోతిలో వడపోశాడు. బుడ్డిని వేడినీళ్ళలో ముంచి బుడగలొస్తాయేమోనని చూశాడు, రాలేదు. కంచం ముందు కూర్చుని కూడా దాని గురించే ఆలోచించేవాడు. నాకు కోపమొచ్చేది, జాలీ వేసేది.

పుట్టి తోలేవాళ్ళు పక్కనుంచి పోతూ నవ్వడం మొదలుపెట్టారు. సావుకారు పిలిపించి, ఇంకొక్కసారి నడి ఏట్లో ఆగితే వేరే మనిషిని చూసుకుంటానని చెప్పేశాడు. మా ఆయనకు వేరే పని రాదని కాదు. ఆ ఇంజనును ఇంకొకరి చేతిలో పెట్టి ఊళ్ళో తలెత్తుకుని తిరగలేడు. అది నాకూ తెలుసు, అత్తమ్మకూ తెలుసు.

మర్నాడు అత్తమ్మా నేనూ పడవెక్కాం. అవతలి ఒడ్డున చుట్టాలింట్లో పురుడని వంక పెట్టాం కానీ, ఆయన్ని ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. ఇవతల ఒడ్డున సావుకారు వచ్చి నిలబడ్డాడు. సగం దాటామో లేదో, ఇంజను దగ్గింది. ఆగింది.

ఆ రోజు ప్రవాహం జోరుగా ఉంది, కింద బండలు దగ్గరపడుతున్నాయి. గిన్నె విప్పే తీరిక లేదు. అసలు పెట్రోలు ఉందా లేదా చూద్దామని మా ఆయన టాంకీ మూత తిప్పాడు. మూత వదులవగానే స్స్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. ఇంజనును లేపే ఇనుప హ్యాండిలు తిప్పగానే అందుకుంది. అవతలికి పోకుండా పడవను వెనక్కి మళ్ళించాడు. మూత చేతిలో పట్టుకుని చూశాడు. మూత నడుమ గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు తగ్గిన మేరకు ఆ దారిన గాలి చేరాలి, లేకపోతే కిందికి పెట్రోలు దిగదు. ఆ రంధ్రం మీదే, నట్టనడుమ, పసుపూ కుంకుమా బంకతో రాయిలా గట్టిపడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ కార్బొరేటరు విప్పినప్పుడల్లా గాలి పెట్రోలు గొట్టం గుండా టాంకీలోకి ఎక్కి ఆ లోటు తీర్చేదన్నమాట. బొట్టును ఎవరనుమానిస్తారు?

ఆయన మాకు వీపు పెట్టి, గోటితో దాన్ని గీకేశాడు. అయినా అత్తమ్మ చూసింది. నేనూ చూశాను.

ఒడ్డు చేరగానే ఏమైందని సావుకారు అడిగాడు.

"తప్పు నాదే సావుకారీ. కార్బేటర్ సక్కగ సాఫ్ చెయ్యలే," అన్నాడు మా ఆయన.

సావుకారు చెయ్యి చాపి హ్యాండిలు అడిగాడు. మా ఆయన ఇచ్చేశాడు. ఆయన చేయి అంత ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పేద్దామని నా నోటిదాకా వచ్చింది. అంతలో అత్తమ్మ చీర కుచ్చిళ్ళు నీళ్ళలో తడుస్తున్నా చూసుకోకుండా దిగి, సావుకారు ఎదుట నిలబడింది.

"వాడు అబద్ధం చెప్తున్నడు. నేను పెట్టిన బొట్టుకు గాలాడక నిలబడ్డది. తప్పు నాది. అనేదుంటే నన్నను."

ఒడ్డున ఊరి జనం సగం ఉన్నారు. నవ్వేవాళ్ళు నవ్వారు. ఆమె తల దించలేదు. ఇంట్లో ఉప్పు దగ్గర ఓడని మనిషి, అంతమంది ముందు కొడుకు కోసం ఓడింది. అత్త మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది.

సావుకారు మూత తెప్పించుకుని, రంధ్రం చుట్టూ మిగిలిన పసుపును చాలాసేపు చూశాడు. తర్వాత హ్యాండిలు మా ఆయనకు కాదు, అత్తమ్మకు ఇచ్చాడు. నీ కొడుక్కు నువ్వే ఇచ్చుకొమ్మన్నాడు.

ఆమె దాన్ని కళ్ళకద్దుకుని కొడుక్కు అందించింది. ఇంక ఆ ఇంజను జోలికే రానని, పసుపు ముట్టనని గొణిగింది.

మా ఆయన హ్యాండిలుతో పాటు ఆమె చేతుల్నీ పట్టుకున్నాడు. "పెట్టమ్మా. నడుమ బొక్క ఇడిసిపెట్టి సుట్టూ పెట్టు. నువ్వు పెట్టకుంటే నాకు ఏట్లకు పోబుద్ధి కాదు," అన్నాడు.